మిల్లు జట్టు కొట్టిన ఒకే ఒక్క గోలు

మేడ మీది రిహార్సల్ గది

పిన్నీ,

ఫోన్ చేస్తే కోపం రాగానే పెట్టేస్తావు. ఉత్తరమైతే చింపేముందు ఒక్కసారైనా చదువుతావు. అందుకే రాస్తున్నాను.

నాటకం ఖాయమైంది. పాత టౌన్‌హాలు మాకిచ్చారు. మీ నూలు మిల్లు ఆడవాళ్ళ ఫుట్‌బాల్ జట్టు గురించి ఏ పేపర్లోనూ ఒక్క ముక్క లేదు. లైబ్రరీలో వెతికి వెతికి కళ్ళు లాగేశాయి. ఉన్నదల్లా మ్యాచ్‌కి ముందు తీసిన ఆ ఒక్క ఫొటో, జట్టులో మిగిలిన మీ ముగ్గురూ. అందుకని మా పద్ధతి ఇదీ: మీలో ఒక్కొక్కరికి ఒక్కో నటిని అప్పగిస్తున్నాను. మీరు చెప్పింది వింటే చాలదు, మీరు పరిగెత్తినట్టు పరిగెత్తాలి, ఆగినట్టు ఆగాలి, పడ్డట్టు పడాలి. నర్సుల జట్టుతో మీరు ఆడిన ఆ మ్యాచ్‌ని స్టేజీ మీద మళ్ళీ ఆడించాలి. మీరు పోయాక కూడా అది ఎవరో ఒకరి ఒంట్లో మిగలాలి. పోయాక అన్నానని తిట్టకు.

అంతా బాగానే ఉంది గానీ ఒక చిక్కొచ్చి పడింది. నీ మాటలు రికార్డు చేసుకున్నాక నిన్న నీతోపాటు ఆడిన పొట్టి పిన్ని దగ్గరికెళ్ళాను. టీ ఇచ్చింది, వాచిన మోకాలు చూపించింది, మ్యాచ్ మొత్తం చెప్పుకొచ్చింది. చివర్లో తాపీగా, "అప్పుడు నేను గోలు కొట్టేశాను" అంది.

నేను కప్పు కింద పెట్టేశాను. ఆ మ్యాచ్‌లో పడిందే ఒక్క గోలు. అది నువ్వు కొట్టావని వింటూ పెరిగినదాన్ని. ఆవిడేమో ఇసుమంతైనా తడబడలేదు పిన్నీ. అప్పట్నించీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. పొద్దున నటీమణులకి రావలసిన సమయం చెప్పడం కూడా మర్చిపోయాను. ఏం చెయ్యమంటావు?

నీ
డైరెక్టరమ్మ (నువ్వు పెట్టిన పేరే)


వంటింటి బల్ల దగ్గర

డైరెక్టరమ్మకి,

చింపలేదు. చదివి, బల్ల మీద కొట్టి, మళ్ళీ చదివాను.

ఆ పొట్టిది గోలు కొట్టిందా? దాని మొహం! బంతి దాని దగ్గరికొస్తే కళ్ళు మూసుకునేది. మిల్లులో పక్కపక్క మెషీన్ల మీద పనిచేశాం, దాని కోతలు నాకు తెలీవా? ఒకసారి సూపర్‌వైజరు దాన్ని చూసి నవ్వాడని వారం రోజులు చెప్పుకు తిరిగింది. తీరా చూస్తే దాని జుట్టు నిండా దూది ఉంది, అందుకు నవ్వాడు.

మళ్ళీ చెబుతున్నాను, రాసుకో. ఆట అయిపోవస్తోంది. కుడి పక్క నుంచి బంతి తీసుకుని లోపలికొచ్చాను. ఆ పొడుగు నర్సు అడ్డమొచ్చింది. దాన్ని తప్పించి కొట్టాను. దాని కాలు తగిలి పడ్డాను, కానీ అప్పటికే బంతి వెళ్ళిపోయింది. నెట్టు అదిరింది. నేను లేచేసరికి మనవాళ్ళంతా నా మీద పడ్డారు. చేతులు నొప్పెట్టేంత గట్టిగా పట్టేసుకున్నారు. గోలు కొట్టనిదాన్ని ఎవరైనా అలా పట్టుకుంటారా? నువ్వే చెప్పు.

నీ ఉత్తరం మీ బాబాయికి చదివి వినిపించాను. "ఊఁ" అన్నాడు. ఇంకేమైనా అంటాడేమోనని చూశాను. గడియారానికి కీ ఇచ్చుకుంటూ కూచున్నాడు.

ఆ గోలు పొట్టిదానికి ఇచ్చావో, నన్ను నాటకంలోంచి తీసెయ్. ఫొటో వెనక్కి పంపెయ్. నీకు ఉండే సవాలక్ష పనుల్లో ఇదొక లెక్కా అనుకోకు.

మీ పిన్ని


రిహార్సల్ గది, మెట్ల మీద కూచుని

పిన్నీ,

లోపల కూచోలేక బయటికొచ్చి రాస్తున్నాను. ఇరవైమందికి పని చెప్పి నేను మాత్రం గోళ్ళు కొరుక్కుంటున్నాను.

గోడ పిన్నిని అడిగాను. గోల్‌కీపర్ కదా, ఆవిడ మాట అందరూ నమ్ముతారనుకున్నాను. "నేనున్నది ఇటు చివర, గోలు పడింది అటు చివర. పైగా ఆడేటప్పుడు కళ్ళజోడు తీసేసేదాన్ని" అంది. "మరి బంతులెలా ఆపేవాళ్ళు?" అంటే, "నా మీదకి అవే వచ్చేవమ్మా" అంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

ఒక ఆలోచన వచ్చింది. గోలు రెండుసార్లు చూపిస్తాను. ముందు నువ్వు చెప్పినట్టు, తర్వాత ఆవిడ చెప్పినట్టు. ఎవరిది నిజమో ప్రేక్షకులే తేల్చుకుంటారు. మా నటులకి బాగా నచ్చింది.

ఇంకోమాట. బాబాయి ఆ రోజుల్లో మిల్లుకి లారీ తోలేవాడు కదా. లారీ పైకెక్కి మ్యాచ్ మొత్తం చూశానని ఎప్పుడో అన్నాడు. అంతకంటే బాగా చూసినవాళ్ళు ఎవరుంటారు? ఆయన్ని అడగొచ్చుగా?

డైరెక్టరమ్మ


వంటింటి బల్ల దగ్గర

ఒసే,

ఒక్క గోలుని రెండు చేస్తావా? నువ్వు చరిత్ర కాపాడుతున్నావా, ఇద్దరు ముసలమ్మల్ని బుజ్జగిస్తున్నావా? నాకొకటి, దానికొకటి పంచిపెట్టడానికి ఇదేమన్నా బిస్కెట్ల పొట్లమా? ఆ రోజు గోలు పడింది. ఒకరు కొట్టారు. మిగతావాళ్ళు కొట్టలేదు. అంతే.

ఆ మ్యాచ్ తర్వాత ఏమైందో నీకు తెలుసు. మేం ఆడిన ఆవరణలో మర్నాటి నుంచే నూలు మూటలు పేర్చడం మొదలెట్టారు. చోటు లేదన్నారు. జట్టు అక్కడితో సరి. మాకున్నది ఆ ఒక్క పూటే.

నాకున్నదీ అదే. నేను బడికి సరిగ్గా వెళ్ళినదాన్ని కాదు. పాడలేను, మీ అమ్మలాగా తెల్లగా అందంగానూ లేను. మ్యాచ్ అయిన వారానికి లారీ డ్రైవరు ఇంటికొచ్చి నన్ను చేసుకుంటానని అడిగాడు. మా నాన్న వీధంతా చెప్పుకున్నాడు, గోలు కొట్టిన పిల్లని చూసి అడిగాడయ్యా అని. అత్తారింట్లో అడుగుపెడితే, "గోలు కొట్టింది ఈ అమ్మాయేనా?" అన్నారు. పిల్లలకి అదే చెప్పాను, వాళ్ళ పిల్లలకీ అదే చెప్పాను. అదొక్కటీ తీసేస్తే నా గురించి చెప్పుకోడానికి ఏముందే? చక్కగా ఇల్లు ఊడ్చిందని చెప్పుకుంటారా?

మీ బాబాయిని మధ్యలోకి లాగకు. ఆయనకి ఈమధ్య చెవులు సరిగ్గా వినపడవు.

శనివారం రిహార్సల్‌కి వస్తున్నాను. ఎలా కొట్టానో నా వేషం వేసే అమ్మాయికి నేనే చూపిస్తాను. పొట్టిదాన్ని కూడా రమ్మను. నా మొహం చూసి చెప్పమను.

పిన్ని


మేడ మీది గది, అందరూ వెళ్ళాక

పిన్నీ,

ఏమైంది నీకు? టీ కూడా తాగకుండా వెళ్ళిపోయావు. కిందకి పరిగెత్తుకొచ్చేసరికి బస్సెక్కేశావు.

మొదట ఎంత బాగా జరిగింది! నీ పాత్ర వేసే అమ్మాయికి పరుగు నేర్పావు, భుజం ఎలా వంచాలో చూపించావు. పొట్టి పిన్నీ నువ్వూ పలకరించుకోకపోయినా పక్కపక్కనే నించున్నారు. తర్వాత ఆ అమ్మాయిని పడమన్నావు. "అలా కాదు, బోర్లా. మొహం నేలకి తగలాలి, నోట్లోకి మట్టి పోయింది నాకు" అని చెప్పి చెప్పి, నాలుగైదుసార్లు పడేలా చేశావు. ఆఖరిసారి సరిగ్గా పడింది. నువ్వు "ఆఁ, ఇదే" అన్నావు. ఆ పిల్ల బోర్లా పడుకునే, "మరి ఇక్కణ్ణించి గోలు కనపడట్లేదండీ, నేనేం చూడాలి?" అని అడిగింది. నువ్వు రెండడుగులు వెనక్కి వేశావు.

సరిగ్గా అప్పుడే గోడ పిన్ని గోలు పోస్టు దగ్గరికెళ్ళి, వల పట్టుకుని పకపకా నవ్వింది. "ఇదెక్కడిదే? మనకి వల ఎక్కడ ఏడిసింది? రెండు కర్రలు పాతి పైన తాడు కట్టాం!" అని. పొట్టి పిన్ని కూడా నవ్వింది. అది మా తప్పే. నెట్టు అదిరిందని నీ రికార్డింగులో ఉంది కదాని మా సెట్టు వేసే ఆయన మూడు రోజులు కూచుని వల అల్లాడు. తీసేస్తాం, నువ్వు నొచ్చుకోకు.

నేనొక నిర్ణయానికొచ్చాను. గోలు నీదే. ఒక్కటే గోలు, నువ్వే కొడతావు. డైరెక్టర్ని నేను, నా ఇష్టం. చిన్నప్పట్నించీ నేను విన్న కథ అదీ. పొట్టి పిన్నికి సర్దిచెప్పుకుంటాను.

జవాబు రాయి.

డైరెక్టరమ్మ


ఇంటి నుంచి

డైరెక్టరమ్మకి,

గోలు పొట్టిదానికిచ్చెయ్. నాకు తీరిక లేదు. ఇల్లంతా సున్నం వేయిస్తున్నాం.

పిన్ని


రిహార్సల్ గది

పిన్నీ,

సున్నమా? మొన్ననే కదా వేయించారు!

అలిగావా? నీకు గోలు ఇస్తానంటే కూడా అలుగుతావా? నేనేం తప్పు చేశానో చెప్పి తిట్టు, పడతాను. ఇలా మూతి ముడుచుకుని కూచుంటే నాకు చేతులాడటం లేదు. ఆ సన్నివేశం దగ్గరికొచ్చేసరికి అందరం ఆగిపోతున్నాం. నీ పాత్ర వేసే అమ్మాయి బంతి పట్టుకుని నా మొహం వంక చూస్తోంది. నేను గోడ వంక చూస్తున్నాను. టికెట్లు అమ్మేశారు. ఇక్కడ గోలు ఎవరు కొట్టాలో తెలియని నాటకం ఒకటి పెట్టుకుని కూచున్నాను.

నిన్న పొట్టి పిన్ని వచ్చింది. గోలు నాకొద్దు, దానికే ఇచ్చెయ్ అంది. "అది శనివారం రిహార్సల్ నుంచి వెళ్ళిపోతుంటే వెనకనించి చూశాను, ఇంక నాకు మనసొప్పలేదు" అంది. కళ్ళు తుడుచుకుంది కూడా. అయ్యా బాబూ, మొన్నటిదాకా ఇద్దరూ నాదంటే నాది! ఇప్పుడు ఇద్దరూ నాకొద్దంటే నాకొద్దు! నేనేమైపోవాలి?

నువ్వు నిజం చెప్పకపోతే రేపు వచ్చి మీ గుమ్మంలో కూచుంటాను.

డైరెక్టరమ్మ


వంటింటి బల్ల దగ్గర, తలుపు వేసుకుని

అమ్మడూ,

గుమ్మంలో కూచోకు. చెబుతాను.

ఆ పిల్ల బోర్లా పడుకుని అడిగింది చూడు, నేనేం చూడాలండీ అని. నా గుండె గుభేల్మంది. నేను పడ్డది అలాగే. అందులో అనుమానం లేదు, ఆ మట్టి రుచి ఇప్పటికీ నా నాలిక మీద ఉంది. మరి మొహం మట్టిలో ఉన్నదానికి గోలు ఎలా కనపడింది? పైగా వల లేదంటోంది గోడ. నిజమే, వల లేదు. తాడు కట్టింది నేనే. మరి ఇన్నేళ్ళుగా నా కళ్ళముందు ఊగుతున్న ఆ వల ఎక్కడిది? ఏ టీవీలోనో చూసి తెచ్చుకున్నానో ఏమో. బస్సులో కూచుని నా గోలుని మళ్ళీ తలుచుకున్నాను. వల తీసేసి చూస్తే ఏమీ మిగలలేదు. అరుపు వినపడింది, అంతే. అరుపు నాకు బాగా గుర్తుంది.

ఇన్ని రోజులూ మీ బాబాయిని అడగలేకపోయాను. నీకు ముందే రాశాను కదా, ఆయనకి చెవులు వినపడవని. అబద్ధం. ఆయన చెవులకేం, పక్కింట్లో గిన్నె పడినా వింటాడు. అడగడానికి నాకు భయమేసింది, అంతే.

నిన్న అడిగేశాను. "గోలు ఎవరు కొట్టారయ్యా?" అని.

"పొట్టిది" అన్నాడు. తల కూడా ఎత్తలేదు.

"మరి నేను?"

"నువ్వు కొట్టబోయావు. ఆ పొడుగు నర్సు కాలు అడ్డం పెట్టింది. పడ్డావు. బంతి పక్కకి దొర్లితే పొట్టిది తన్నింది."

"మరి అందరూ నన్నెందుకు పట్టుకున్నారు?"

అప్పుడు తలెత్తాడు. నవ్వు ఆపుకుంటున్నాడు. "నువ్వు లేచి ఆ నర్సుని కొట్టడానికి వెళ్ళావే! అందరూ కలిసి పట్టుకుని వెనక్కి లాగారు. గోలు పడిందని నీకు చెబుతూనే ఉన్నారు, నువ్వు వింటేనా?"

"మరి గోలు కొట్టిన పిల్లని చేసుకుంటానని మా ఇంటికొచ్చావుగా?" అన్నాను.

"నేనెక్కడన్నాను? పడి లేచి పోట్లాటకి దిగిందే, ఆ పిల్ల ఎవరని మీ మిల్లు వాచ్‌మన్ని అడిగి వచ్చాను. మీ నాన్నకి నేను మ్యాచ్ చూసి వచ్చానని తెలిసి, గోలు కొట్టింది నువ్వే అయ్యుంటావని ఆయనే అనుకున్నాడు. నా ఎదురుగానే వీధిలో అందరికీ చెప్పేశాడు. కాబోయే మామగారిని కాదనమంటావా?"

"తర్వాతైనా నాకు చెప్పొచ్చుగా!"

"పెళ్ళైన కొత్తలో ఒకసారి అనబోయాను. నెట్టు అదిరిందన్నావు. చెబుతుంటే నీ మొహం అలా వెలిగిపోతుంటే, ఇంక నాకు నోరు రాలేదు."

ఇదంతా విని నేను కరిగిపోయాననుకుంటున్నావా? ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు! మనవలకి చెబుతుంటే పక్కన కూచుని ఊఁ కొట్టాడు! నిన్నట్నించీ ఆయనతో మాట్లాడటం లేదు. ఏం కావాలన్నా వంటింటి గోడ వంక చూసి అడుగుతున్నాను. ఆయనా ఆ గోడకే జవాబు చెబుతున్నాడు.

నాకు బాధగా ఉందే. బాగా బాధగా ఉంది. ఎవరో వచ్చి ఇంట్లో ఒక గది పట్టుకుపోయినట్టుంది. నేనెప్పుడూ కావాలని అబద్ధమాడలేదు. నిజంగా కొట్టాననే అనుకున్నాను.

పొట్టిదాని ఇంటికి పొద్దున్నే వెళ్ళొచ్చాను. "గోలు నీదేనే" అన్నాను. అది తలుపు దగ్గరే నిలబడి, "ఇన్నేళ్ళూ మా ఇంట్లో గోలు నాదంటే ఒక్కరూ నమ్మలేదు, నీ పేరే ఊరంతా మోగింది కదా" అంది. దానికీ పిల్లలున్నారు, మనవలున్నారు. వాళ్ళ ఎదురుగా దాన్ని కోతల రాయుణ్ణి చేశాను నేను. అది నా మెడ పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత టీ తాగాం.

నాటకంలో ఉన్నదున్నట్టు పెట్టు. దాని గోలు దానికివ్వు. నా పడటం నాకుంచు. నేను నర్సు మీదకి వెళ్ళింది కూడా పెట్టు, జనం నవ్వితే నవ్వనీ.

పిన్ని


టౌన్‌హాలు, మేకప్ గది

పిన్నీ,

నీ ఉత్తరం చదివి ఇక్కడే నేలమీద కూచుండిపోయాను. ఇంకో రోజైతే వెంటనే బస్సెక్కి వచ్చేదాన్ని. హాలు వాళ్ళు దీపాల గురించి పేచీ పెడుతున్నారు, కదలలేను.

నీ మాట ప్రకారమే మార్చాను. నీ పాత్ర వేసే అమ్మాయి పడి లేచి నర్సు మీదకెళ్తుంటే, ఇటు జట్టంతా ఆమెని లాగుతుంటే, అటు పొట్టి పిన్ని పాత్ర ఒక్కత్తే గోలు దగ్గర చేతులెత్తి నించుంటుంది. ఎవరూ ఆవిడ వంక చూడరు. ఇది ముందు నాకు తట్టనే లేదు. గోలు కొట్టిన మనిషిని ఆ క్షణంలో ఒక్కరూ చూడలేదు! మొదటిసారి చేసి చూడగానే మా వాళ్ళంతా వెంటనే ఇంకోసారి చేద్దామన్నారు.

నువ్వు రావాలి. బాబాయితో మాట్లాడకపోతే మానెయ్, వేరే వరసలో కూచో. కానీ రా. నువ్వు రాకపోతే ఇదంతా ఎవరికోసం చేశానో నాకు అర్థం కాదు. మళ్ళీ గోళ్ళు కొరుక్కుంటున్నాను. తెర లేచేదాకా ఇలాగే ఉంటుంది.

డైరెక్టరమ్మ


ఇంటి నుంచి, నాటకం చూసొచ్చిన మర్నాడు

డైరెక్టరమ్మకి,

రాత్రి నీతో మాట్లాడటం కుదరలేదు. అందరూ వెళ్ళిపోయాక నువ్వు ఆఫీసు గదిలో మేనేజరుతో ఇంకో రోజు హాలివ్వమని దెబ్బలాడుతున్నావు. నీ గొంతు స్టేజీ దాకా వినపడింది. నా పోలికే.

నాటకం గురించి నీకు అందరూ చెప్పే ఉంటారు, నేను పొగడను. నా వేషం వేసిన అమ్మాయి పడటం ఇంకా పరుపు మీద పడినట్టే ఉంది. నర్సు మీదకి వెళ్ళినప్పుడు మాత్రం హాలంతా నవ్వారు. నేను తల దించుకుందామనుకున్నాను గానీ, మీ బాబాయి అందరికంటే గట్టిగా నవ్వాడు, దాంతో నాకు పౌరుషమొచ్చి తలెత్తుకునే కూచున్నాను. అవును, ఆయన పక్కనే కూచున్నాను. వేరే సీటు దొరకలేదు.

పొట్టిదాని బలగమంతా ముందు వరసలో ఉన్నారు. దాని పాత్ర చేతులెత్తి ఒంటరిగా నించోగానే, దాని మనవరాలు లేచి చప్పట్లు కొట్టింది. పొట్టిది వెనక్కి తిరిగి నన్ను వెతికింది. చెయ్యూపాను. లోపల కలుక్కుమంది, లేదనను. ఒకప్పుడు ఆ చప్పట్లు నావి.

జనం వెళ్ళిపోయాక జరిగింది నువ్వు చూడలేదు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పొట్టిది నా దగ్గరికొచ్చి, "నిజంగా నువ్వు చూడనే లేదా?" అంది. లేదన్నాను. "ఇన్నేళ్ళూ చూశానని చెప్పుకున్నదానివి, ఒక్కసారీ చూడలేదా!" అని నా చెయ్యి పట్టుకుని స్టేజీ మీదకి లాక్కుపోయింది. దాని మోకాలు చూడాలి, మెట్టెక్కడానికే ఆపసోపాలు పడింది. దీపాలు ఆర్పబోతున్న ఆయన్ని గోడ వెళ్ళి ఆపింది. నర్సు వేషం వేసిన పిల్ల ఇంకా అక్కడే ఉంది, దాన్ని అడ్డం నించోమన్నాం. మీ బాబాయి కింద లేచి నిలబడ్డాడు.

బంతి నా ముందు పెట్టారు. నాలుగడుగులు వేశాను, ఆ పిల్ల కాలు పెట్టింది. పడటమంటే పడటం కాదు, మోకాళ్ళ మీద కూచుని మెల్లగా ఒరిగాను. నడుం కలుక్కుమంది. బంతి పక్కకి దొర్లింది. పొట్టిది కుంటుకుంటూ వచ్చి తన్నింది. ఎంత నెమ్మదిగా వెళ్ళిందంటే మధ్యలో ఆగిపోతుందేమోనని భయపడ్డాను.

ఈసారి నేను మొహం నేలకి ఆనించలేదు. గడ్డం పైకెత్తి చూశాను. బంతి రెండు కర్రల మధ్యలోంచి, తాడు కిందుగా, అవతలికి వెళ్ళిపోయింది. చూశానే. మన గోలు నేను చూశాను. లేవడానికి ఒంట్లో ఓపిక లేక, అక్కడే నేలమీద పడుకుని, గొంతు చించుకుని అరిచాను.

పిన్ని